పెంపుడు చిన్నప్రాణుల చెక్క సామాను: హాని లేని పూతలు

కుందేలు, గినీపిగ్, హ్యామ్‌స్టర్, జెర్బిల్ వంటి చిన్న జంతువులకూ, బడ్జరిగార్, కాకటీల్ వంటి పంజరపు పక్షులకూ చెక్కతో గూళ్లు, మెట్లు, వంతెనలు, దాక్కునే పెట్టెలు, తిరుగుడు చక్రాలు, ఊయలలు చేస్తారు. చెక్క తడినీ మూత్రాన్నీ పీల్చుకోకుండా ఈ సామాను మీద పూత వేస్తారు. ఇంట్లో బల్లలకూ కుర్చీలకూ వేసే పూతకూ దీనికీ పెద్ద తేడా ఉంది. బల్లను ఎవరూ తినరు. హ్యామ్‌స్టర్ తన ఇంటిని తింటుంది.

అందుకే హాని లేని పూత ఏదని అడిగితే దుకాణంలో ఒక డబ్బా చూపించి సరిపెట్టలేం. పళ్లు పడే చోట ఫరవాలేదనిపించేది మూత్రం పడే చోట నిలవదు. మూత్రానికి తట్టుకునేది పళ్ల కింద నలగకూడదు. డబ్బా మీద ఏం రాసి ఉందో చూసేముందు ఆ వస్తువును ఏ ప్రాణి, ఏ చోట, ఎలా వాడుతుందో చూసుకోవాలి.

పూత అవసరం

చెక్క నిండా సన్నని నాళాలే. మూత్రం వాటిలోకి ఇంకితే మళ్లీ కడిగి తీయడం కష్టం. అందులోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. ఆ ఘాటు మనిషి ముక్కుకు తగిలేసరికే, నేలకు ఆనుకుని బతికే జంతువు ఊపిరితిత్తులు దాన్ని చాలాసేపటి నుంచి భరిస్తూ ఉంటాయి. తడిసిన చెక్క ఉబ్బి బూజు పడుతుంది, అతుకులు విడిపోతాయి. పరిశోధనశాలల్లో ఎలుకలకు చెక్క పెట్టెల బదులు పాలికార్బొనేట్, పాలిప్రొపిలీన్ తొట్లు వాడటానికి ముఖ్య కారణం ఇదే. చెక్కను పూర్తిగా శుభ్రం చేయడం సాధ్యం కాదు.

కుందేలు, గినీపిగ్ మూత్రం క్షారగుణం కలది. పీహెచ్ సుమారు 8 నుంచి 9 దాకా ఉంటుంది. కుందేలు ఒంట్లో మిగిలిన కాల్షియం మూత్రంతోనే పోతుంది కాబట్టి అది తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది, ఎండాక సున్నపు చారలా అంటుకుపోతుంది. ఈ క్షారగుణం సంగతి గుర్తుంచుకోవాలి, లక్క దగ్గర మళ్లీ దీనితో పని పడుతుంది.

కొరుకుడు

ఎలుక జాతి జంతువుల ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కుందేలుకూ గినీపిగ్‌కూ దవడ పళ్లు కూడా అంతే. అరగదీసుకోవడానికి అవి కొరకాలి. అది వాటి చెడ్డ అలవాటేమీ కాదు, మాన్పించేదీ కాదు. కొరికిన పొట్టులో కొంత కిందకు రాలుతుంది, కొంత లోపలికి పోతుంది. వాంతి చేసుకునే శక్తి ఎలుక జాతికీ లేదు, కుందేలుకూ లేదు. మింగినది ఏదైనా పేగుల గుండా పోవలసిందే. పెచ్చులుగా లేచే మందమైన పూతలో విషం లేకపోయినా, ఆ పెచ్చులు పేగులో అడ్డుపడవచ్చు.

పక్షుల సంగతి వేరు. ముక్కుతో చెక్కను చీల్చి పారేస్తాయి కానీ ఎక్కువగా మింగవు. వాటికి గండం గాలిలో ఉంది. పక్షి శరీరంలో ఊపిరితిత్తులకు తోడు గాలి సంచులు ఉంటాయి, గాలిలోని ఆక్సిజన్‌ను పక్షులు మనకన్నా సమర్థంగా లాగుతాయి, విషవాయువునూ అంతే సమర్థంగా లాగుతాయి. థిన్నర్ వాసన కొడుతున్న గదిలో మనిషికి తలనొప్పి వచ్చేలోపు పక్షి కొమ్మ మీంచి పడిపోవచ్చు. పక్షులకు సీసం, జింకు కూడా ప్రమాదమే కాబట్టి చెక్కకు పూత ఎంత మంచిదైనా, దాన్ని బిగించిన మేకులకూ తీగలకూ జింకు పూత ఉంటే పడిన శ్రమ వృథా. ఇక్కడ పక్షులంటే బజారులో లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మే బడ్జరిగార్ల వంటివే. మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

ప్రమాణాలు ఏం చెబుతాయి

పెంపుడు జంతువుల చెక్క సామాను పూతల కోసమే రాసిన ప్రమాణమని చేతికందేది లేకపోవడంతో, పెంచేవాళ్లు పిల్లల బొమ్మల ప్రమాణాలను ఆసరాగా తీసుకుంటారు. ఐరోపాలో అది ఈఎన్ 71-3. పూతను గీరి, కడుపులోని ఆమ్లాన్ని పోలిన పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, అందులోకి సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం, క్రోమియం వంటివి ఎంత దిగాయో కొలుస్తారు. భారత ప్రమాణం ఐఎస్ 9873లోని మూడో భాగమూ ఈ పనికే. 2020 నాటి బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. జర్మనీలో హ్యామ్‌స్టర్ పెంచేవాళ్లు ఈఎన్ 71-3తో పాటు డీఐఎన్ 53160 కూడా చూస్తారు. చొంగకూ చెమటకూ పూత రంగు కరిగి దిగుతుందా అన్నది ఆ రెండో పరీక్ష తేలుస్తుంది.

ఈ ప్రమాణాలు పనికొస్తాయి కానీ వాటి వెనక ఉన్న లెక్క తెలిస్తే అతి నమ్మకం పోతుంది. ఈఎన్ 71-3 లెక్కలో బిడ్డ బరువు 7.5 కిలోలు. ఆ బిడ్డ గట్టి బొమ్మ నుంచి గీరుకుని రోజుకు 8 మిల్లీగ్రాములు మింగుతుందని అంచనా. పెద్ద జాతి సిరియన్ హ్యామ్‌స్టర్ బరువు 150 గ్రాములు, అంటే ఆ బిడ్డలో 50వ వంతు. అదే దామాషాలో దానికి రోజుకు 0.16 మిల్లీగ్రాముల పూతే చెల్లుతుంది. రాత్రంతా మెట్టు అంచును కొరికే జంతువు అంతకు ఎన్నో రెట్లు రాల్చగలదు. పైగా ఈ పరీక్ష లోహాలను కొలుస్తుంది. ద్రావకాలూ, బూజు నిరోధక మందులూ దాని లెక్కలోకి రావు. కాబట్టి ఈ గుర్తు లేని డబ్బాను పక్కన పెట్టడానికి ప్రమాణం పనికొస్తుంది. గుర్తు ఉన్నంత మాత్రాన జంతువు ఇష్టమొచ్చినంత కొరుక్కోవచ్చని అనుమతి ఇచ్చినట్టు కాదు.

భారతదేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నియమాలు వచ్చాయి, 2017 నవంబరు నుంచి తయారీదారులకు అవి వర్తిస్తున్నాయి. ఇవి ఇంటి, అలంకరణ రంగులకే పరిమితం. పరిశ్రమలకూ వాహనాలకూ వాడే పెయింట్ ఈ కట్టడిలోకి రాదు. పంజరం వెల్డింగ్ చేసే చోట మిగిలిన ఎనామెల్‌తో చెక్క పలకకు కూడా ఒక చేయి కొట్టి ఇస్తామంటే వద్దనడమే మేలు. పాత తలుపుల, కిటికీల రంగు చెక్కతో గూళ్లు చేయడమూ ఇందుకే మానుకోవాలి.

ఇక నాన్ టాక్సిక్, ఎకో, నేచురల్ వంటి మాటలు డబ్బా అందానికి రాసేవి. ఏ ప్రమాణం, ఏ సంఖ్య అన్నది రాసి ఉందా, తయారీదారు సేఫ్టీ డేటా షీట్ ఇస్తున్నాడా అన్నవి చూడాలి.

లక్క

మనవాళ్లకు బాగా తెలిసిన పూత ఇదే. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగు స్రవించే జిగురును గీరి, కరిగించి, వడగట్టి రేకులుగా చేస్తారు. దేశంలో జార్ఖండ్ దీనికి ప్రధాన కేంద్రం. రాంచీ దగ్గరి నామ్‌కుమ్‌లో లక్క పరిశోధన సంస్థ 1924లోనే వెలిసింది. లక్క తినదగినది కూడా. మిఠాయిల మీద, పండ్ల మీద మెరుపు కోసం ఈ904 అనే సంఖ్యతో వాడేది ఇదే. మాత్రలకూ లక్క పూస్తారు. కడుపులోని ఆమ్లంలో అది కరగదు, పేగులోని క్షారగుణానికి కరుగుతుంది, మందు అక్కడ విడుదలవుతుంది.

ఈ గుణమే మన విషయంలో అటూ ఇటూ పనిచేస్తుంది. హ్యామ్‌స్టర్ కొరికి మింగిన లక్క పొట్టు దాని పేగులో గడ్డకట్టి కూర్చోదు. ఆ పూతే కుందేలు మూత్రపు మూలలో పట్టుమని నెల కూడా నిలవదు. క్షార మూత్రమూ, దాని నుంచి పుట్టిన అమ్మోనియా కలిసి దాన్ని మెత్తబరిచి కరిగిస్తాయి. నీళ్లు ఎక్కువసేపు నిలిస్తే లక్క తెల్లబడుతుంది. స్పిరిట్ తగిలితే చెప్పనక్కర లేదు, చేతికి రాసుకునే శానిటైజర్‌తో తుడిచినా ఊడుతుంది. కాబట్టి లక్క పక్షుల బొమ్మలకూ, పై అంతస్తు మెట్లకూ, దాక్కునే పెట్టెల పైకప్పుకూ తగినది. నేలకు ఆనే భాగాలకు తగదు.

లక్కను రెండు పద్ధతుల్లో వేస్తారు. వడ్రంగులు స్పిరిట్ పాలిష్ అనేది లక్క రేకుల్ని ఆల్కహాల్‌లో నానబెట్టి చేసేది. స్పిరిట్ ఆవిరైపోయాక మిగిలేది లక్కే కాబట్టి, గాలి బాగా ఆడే చోట కొన్ని రోజులు ఆరనిస్తే చాలు. కలిపి ఉంచిన పాలిష్‌లో రంగు పొడులూ ఇతర రెజిన్లూ ఉండవచ్చు. అందుకే రేకులు కొని స్వయంగా కలుపుకోవడం మేలు. ఆ ద్రావణం పాతబడితే సరిగా గట్టిపడదు, ఎంత అవసరమో అంతే కలుపుకోవాలి.

రెండోది ఏటికొప్పాక పద్ధతి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి కళాకారులు అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కను పట్టుకుంటుంది. ఇందులో ద్రావకమే లేదు, ఆవిరి కావలసిందీ లేదు. పూతల శాస్త్రం నేడు ఎక్కడికి చేరాలని చూస్తోందో ఆ చోట ఈ ఊరు ఎప్పటి నుంచో ఉంది. మొక్కల నుంచి తీసే రంగుల్ని ఇక్కడ మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు ఉన్న బొమ్మలకూ, నమోదైన హస్తకళాకారులు చేసినవాటికీ ఐఎస్ఐ గుర్తు నుంచి మినహాయింపు ఉంది. అంటే ప్రయోగశాల కాగితం అడిగినా దొరకకపోవచ్చు, వేసింది మొక్కల రంగులేనా అని అమ్మేవాళ్లను అడిగి తెలుసుకోవాలి. ఇంకో మాట. బొమ్మ కోసం వేసిన లక్క మందంగా, పెళుసుగా ఉంటుంది. పక్షి దాన్ని పొడిచి పెచ్చులు లేపితే ఆ వస్తువు తీసేయాలి.

కొండపల్లి బొమ్మను ఇదే ధీమాతో పంజరంలో పెట్టకూడదు. తెల్ల పొణికి చెక్క మీద సున్నం పూసి వేసే రంగుల్లో ఎనామెల్ కూడా ఉంటుంది. అది అల్మారాలో ఉండవలసిన బొమ్మ.

నీటి ఆధారిత వార్నిష్‌లు

మూత్రం పడే చోట ఎక్కువమంది నమ్మేది ఇవే. నీటిలో తేలే అక్రిలిక్ లేదా పాలియురెథేన్ కణాలు నీరు ఆవిరవుతున్న కొద్దీ ఒకదానికొకటి అతుక్కుని గట్టి పొరగా మారతాయి. వాసన తక్కువ, క్షారానికి తట్టుకుంటాయి, తడిగుడ్డతో తుడవవచ్చు. పిల్లల బొమ్మల ప్రమాణం రాసి ఉన్నది, మెరుపు పొడులూ రంగులూ లేనిది, ఇంటి లోపలి వాడకానికి చేసినది ఎంచుకోవాలి.

ఆరుబయట వాడే వార్నిష్ ఎక్కువ మన్నుతుంది కదా అని అదే తెచ్చే పొరపాటు తరచు జరుగుతుంది. వానకూ నాచుకూ తట్టుకోవడానికి వాటిలో బూజు నిరోధక మందులు కలుపుతారు. స్నానాల గది పెయింట్ల విషయమూ ఇంతే. ఇంటి లోపలి వార్నిష్‌లోనూ డబ్బాలో పాడవకుండా ఐసోథయాజోలినోన్ల వంటి నిల్వ మందులు కొద్దిగా ఉంటాయి. పొర సరిగా ఏర్పడటానికి గ్లైకాల్ ఈథర్లు కలుపుతారు. ఇవి పూర్తిగా ఎగిరిపోవడానికి రోజులు పడుతుంది. గట్టిపడిన పొర సైతం ప్లాస్టిక్కే. పలకల మీద, గూటి నేల మీద అది బాగుంటుంది. కొరికే కర్ర మీద దానికి పని లేదు.

నూనెలు, మైనం

వంటింటి నూనె రాస్తే పోలేదా అని అడిగేవాళ్లు చాలామంది. కొబ్బరినూనె, వేరుశనగ నూనె చెక్క మీద ఎప్పటికీ గట్టిపడవు. కొన్నాళ్లకు కంపు కొట్టి, జిగటగా మారి, దుమ్మునూ వెంట్రుకల్నీ పట్టుకుంటాయి. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేవి వేరే జాతి, వాటిలో మనకు దొరికేది అవిసె నూనె. పచ్చి అవిసె నూనెకు ఆరడానికి వారాలు పడుతుంది. బాయిల్డ్ అని అమ్మేది నిజంగా మరిగించింది కాదు, త్వరగా ఆరడానికి కోబాల్ట్, మాంగనీస్ లవణాలు కలిపింది. చిన్నప్రాణుల సామానుకు అది వద్దు. క్రికెట్ బ్యాట్లకు రాసే నూనె ఆటవస్తువుల దుకాణాల్లో దొరుకుతుంది. సీసా మీద రా లిన్సీడ్ అనే తప్ప మరేమీ లేకపోతే వాడవచ్చు. ఈ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకూడదు. ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి వాటంతటవే అంటుకుని ఇళ్లు కాలిపోయిన సందర్భాలున్నాయి. నేల మీద పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచాలి.

తేనెటీగ మైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన మే నెల ఎండకు కరగకపోయినా మెత్తబడి అంటుకుంటుంది. కార్నౌబా మైనం 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు, గట్టిది. రెండూ నీటి చుక్కను కాసేపు ఆపుతాయి, మూత్రాన్ని ఆపలేవు. మైనం పాలిష్ అని డబ్బాల్లో అమ్మే వాటిలో టర్పెంటైన్, నిమ్మవాసన నూనెలు కలిసి ఉంటాయి. కొనాలంటే ముద్ద మైనమే కొనాలి.

దూరం పెట్టవలసినవి

నైట్రోసెల్యులోజ్ లాకర్‌లో టొల్యూన్ వంటి ద్రావకాలుంటాయి. ఫర్నిచర్ దుకాణాల మెలమైన్ పాలిష్ ఆమ్లంతో గట్టిపడేది, ఆ తర్వాత కూడా చాలాకాలం ఫార్మాల్డిహైడ్‌ను వదులుతుంది. ఎపాక్సీ సరిగ్గా కలిసి, సరిగ్గా గట్టిపడితే జడ పదార్థమే. కొలత కాస్త తప్పితే గట్టిపడని అమైన్లు లోపలే మిగిలిపోతాయి, పైగా కొరికితే గాజుపెంకులా చిట్లుతుంది. ఇవన్నీ మంచి పూతలే, చోటు ఇది కాదు.

చెక్క, పని

పూత కింద ఉన్నదీ ముఖ్యమే. ప్లైవుడ్, ఎండీఎఫ్ జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, అంచుల నుంచి నీరు పీల్చి ఉబ్బుతాయి. ఆర్సెనిక్, రాగి, క్రోమియం పట్టించిన చెదల నిరోధక కలప అసలే కూడదు. ఘాటైన వాసన ఉన్న దేవదారు జాతి చెక్కలు చిన్నప్రాణుల శ్వాసకు మంచివి కావు. గన్నేరు కొమ్మను పక్షికి కూర్చోవడానికి ఇస్తే ఏ పూతా కాపాడలేదు, ఆ చెట్టు నిలువెల్లా విషమే. టేకు నూనె గల చెక్క, చాలా పూతలు దానికి సరిగా అంటవు.

చెక్కను ముందు 120 నంబరు ఉప్పుకాగితంతో, తర్వాత 220తో రుద్ది, పొడి పూర్తిగా తుడవాలి. పలుచని పొరలు మూడు నాలుగు వేయాలి, పొరకూ పొరకూ మధ్య 320తో తేలికగా రుద్దాలి. చెక్కను అడ్డంగా కోసిన ముఖం మిగతా భాగం కన్నా చాలా ఎక్కువ పీలుస్తుంది, దానికి అదనంగా రెండు పొరలు కావాలి. నీరు దిగేది ఎక్కువగా అక్కడి నుంచీ, అతుకుల సందుల నుంచీనే. అడుగుభాగం ఎవరికీ కనిపించదు కదా అని వదిలేస్తే పలక వంగిపోతుంది.

ఆరడం, గట్టిపడటం

జంతువుకు హాని చేసే తప్పుల్లో చాలావరకు ఇక్కడే జరుగుతాయి. డబ్బా మీద రెండు గంటల్లో ఆరుతుందని ఉంటుంది. అది వేలికి అంటకపోవడానికి పట్టే సమయం. పొర లోపలి నుంచి నీరూ ద్రావకాలూ పోయి పూర్తి బలం రావడానికి నీటి వార్నిష్‌కు సాధారణంగా మూడు నాలుగు వారాలు కావాలి. విశాఖ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు, వానకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. చలి మరీ ఎక్కువైతే పొరే సరిగా ఏర్పడదు. ఆదిలాబాద్ శీతాకాలపు తెల్లవారుజామున వరండాలో పూత వేస్తే అది పొడిపొడిగా రాలిపోయే ప్రమాదం ఉంది. ఎండకెక్కాక వేయాలి.

సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి వస్తువును మూత ఉన్న డబ్బాలో ఒక రోజు ఉంచి, మూత తీయగానే వాసన చూడాలి. ఏ కొంచెం వాసన వచ్చినా ఆగాలి. తర్వాత నీటి చుక్క వేసి కొన్ని గంటలు వదిలి, చెక్క రంగు మారిందేమో చూడాలి. గోటితో గట్టిగా నొక్కినా గుర్తు పడకూడదు. పక్షులున్న ఇంట్లో పూత వేయడం, ఆరబెట్టడం రెండూ వేరే గదిలో కాదు, ఇంటి బయటే జరగాలి.

పూత లేకుండా

కొరికే కర్రలకూ, సొరంగాలకూ, పక్షి చీల్చే బొమ్మలకూ అసలు పూత అక్కర లేదు. అవి అరిగిపోవడానికే ఉన్నాయి, మార్చేస్తే సరి. మూత్రపు మూలలో నేల పలక మీద సిరామిక్ టైల్ పెట్టడం, మరుగుదొడ్డిగా మట్టి మూకుడో స్టీలు పళ్లెమో అమర్చడం అన్ని పూతల కన్నా మేలు. కుందేలు, హ్యామ్‌స్టర్ సాధారణంగా ఒకటి రెండు మూలలకే అలవాటు పడతాయి. నాలుగు రోజులు గమనిస్తే ఎక్కడ రక్షణ కావాలో తెలిసిపోతుంది, అప్పుడు పూత వేయవలసిన విస్తీర్ణం సగానికి పైగా తగ్గుతుంది.

నిర్వహణ

మూత్రపు తెల్లటి చారలు సున్నం జాతివి కాబట్టి నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్‌కు కరుగుతాయి. అది నీటి వార్నిష్‌కు హాని చేయదు. బ్లీచింగ్, ఫినాయిల్ వద్దు. పొర ఒకచోట పలచబడితే అక్కడ రుద్ది మళ్లీ పూయవచ్చు, గట్టిపడే గడువు మాత్రం మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టాలి. నీరు లోపలికి దిగి నల్లబడిన చెక్క మీద కొత్త పూత వేయడమంటే బూజును లోపల పెట్టి మూత వేయడమే. ఆ వస్తువును పారేయాలి. కొత్త సామాను పెట్టాక కుందేలు సగం రోజు మేత ముట్టకపోయినా, పక్షి తోక ఊపుతూ ఆయాసపడినా, సామాను తీసేసి అప్పటికప్పుడే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. పూత డబ్బా కూడా వెంట తీసుకెళ్తే చికిత్స చేసేవాళ్లకు పని తేలికవుతుంది.